కాంటాల కాలం

దసరా ఎళ్లిన రెండోనాడు
బాపు ఓమ్ని వెనుక సీటు పీకి
ఇరవై కిలోల ఇనుప గుండ్లు పది పేర్చిండు.
వాటి మీద బొంత, బొంత మీద మేము.
జమ్మాకు ఇంకా స్టీరింగు ముందటనే ఉంది.
"ఈపారి అందరం పోదాం" అన్నడు.
అమ్మ వినలేదనుకొని ఇంకోపారి అన్నడు.

హనుమకొండల మా బాపు పేరు ఎవ్వరికీ తెల్వదు,
కాంటా ఓదెలు అంటెనే ఇల్లు చూపిస్తరు.
పత్తి పగిలే యాళ్లకు
ఆదిలాబాదు దిక్కు కాంటాలన్నీ
వానకాలమంత తుప్పు తాగి, ఎలుకలకు ఇండ్లయి
ఆయన కోసం కూసుంటయట.
నెల రోజులు పోయేటోడు, ఏటా.
"ఉత్తరానికి పోయిన మనిషి
ఒక్క ఉత్తరం రాయడు" అనేది అమ్మ.
మాకైతే ఉత్తరమంటే
బాపు అంగీ జేబుల దొరికే దూది.

గోదారి బ్రిడ్జి మీద అమ్మ కొంగుముడి విప్పి
రూపాయి బిళ్ల విసిరింది.
అది కమ్మికి తాకి రోడ్డు మీదనే పడ్డది.
"ఎవనికో దొరుకుతది తియ్యి" అన్నడు బాపు.
ఆసిఫాబాదు దాకా మాట్లాడలే అమ్మ.

కెరమెరి ఘాటు ఎక్కుతుంటె
తమ్ముడు గుండ్ల మీదనే కక్కిండు.
బాపు బండి ఆపి, ఊటనీళ్లు తెచ్చి
ఒక్కో గుండును కడిగి, తుడిచి, మళ్ల తుడిచిండు.
"పోరని మొఖం కడుగు ముందుగాల!"
"తడి ఉంటె తూకం తప్పుతదే."
లోయల నుంచి తెల్లగ లేస్తున్నదాన్ని చూసి
ఎవరో గడ్డి కాలవెడుతున్నరన్నడు తమ్ముడు.
అది చలి. మేం దాన్ని కండ్లతోని చూసుడు అదే మొదలు.

ఇంద్రవెల్లి దాటినంక టైరు పంచరు.
సిడాం జైతుబాయి వాకిట్ల కూసున్నం.
ఆమెకు మా భాష సగం వచ్చు,
అమ్మకు ఆమె భాష ముక్క రాదు,
అయినా ఇద్దరూ గంటసేపు
జొన్నపిండి గురించే మాట్లాడుకున్నరు.
దండారికి కడుతున్న నెమలీకల టోపీని
తమ్ముడు ముట్టబోతే
జైతుబాయి చెయ్యి అడ్డం పెట్టింది,
కోపం లేకుండ, పొయ్యికాడ పిల్లల్ని ఆపినట్టు.
రొట్టెలు నాలుగు మూటగట్టి ఇచ్చింది.
మేం ముగ్గురం తిన్నం.
అమ్మ తిన్ననన్నది.

రాత్రి యార్డులనే పడక.
"ఉత్తరం దిక్కు తలకాయ పెట్టద్దు" అని
నిద్రలున్న మమ్మల్ని బస్తాలోలె తిప్పింది.
"ఇంతకంటె ఉత్తరం ఇంకేడుంది మనకు?"
బాపు నవ్విండు. అమ్మ తిప్పుడు ఆపలే.

ఎప్పుడో మెలకువొచ్చింది.
లాంతరు. పెద్ద కాంటా. గుండ్లు దించుతున్న బాపు.
"నువ్వు ఎక్కు."
"నేనేమన్న పత్తి బోరెమా!"
"చెప్పులిడిసి ఎక్కు."
దుప్పటి కప్పుకొనే ఎక్కింది, నవ్వుకుంట.
ఇత్తడి బిళ్ల కడ్డీ మీద ఎడమకు జరిగింది,
టిక్కు.
ఇంకా ఎడమకు.
బాపు వంగి చూసిండు. అమ్మను దింపిండు.
మూడు గుండ్లు పెట్టిండు, తీసిండు,
కీలు కాడ నోటితోని ఊదిండు,
మళ్ల ఎక్కమన్నడు.
ముప్ఫైఏడు.
శానసేపటికి,
"కాంటా మంచిగనే ఉంది" అన్నడు,
ఎవరితోనో తెల్వదు.

పొద్దుగాల హోటల్ల మొదటి ప్లేటు అమ్మ ముందర పెట్టి
అయిపోయేదాక ఎదురుంగ కూసున్నడు.
సిగ్గుపడుకుంట తిన్నది.
మాకు ఆకలైతున్నదని
తమ్ముడు సుత అనలే.

పెన్‌గంగ కాడికి తీస్కపోయిండు, ఆఖర్న.
అవుతల దుకాణాల మీద మరాఠీ అచ్చరాలు,
ఇవుతల తోవ పొడుగుతా గునుగు పూలు.
"ఈ నీళ్లు సుత తిరిగి తిరిగి మన గోదారికే" అన్నడు.
అమ్మ కొంగుముడి విప్పింది.
ఈపారి చప్పుడు వినొచ్చింది.

ఇంటికొచ్చినంక బాపు వంటింటి మూలకు
పాత కాంటా ఒకటి బాగుచేసి పెట్టిండు,
దినాం ఎక్కాలని చెప్పి.
అమ్మ దాని మీద
ఉల్లిగడ్డలు పోసుకున్నది.